పొదుపా, పాలసీయా? ఆరోగ్య బీమా లేని మధ్యతరగతికి ఏది మేలు?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యానికి ప్రధానంగా చూసే ఆహార భద్రత కార్డు పొందాలంటే వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు మించకూడదు. నెలకు 21,000 వరకు జీతం తీసుకునే కార్మికులకు ఈఎస్ఐ, పెద్ద కంపెనీల ఉద్యోగులకు గ్రూపు పాలసీ ఉన్నాయి. కార్డుకు ఎక్కువై, కంపెనీ బీమాకు దూరమై మిగిలిపోయేవారు కిరాణా దుకాణదారులు, సొంత కారు నడుపుకునే డ్రైవర్లు, ట్యూషన్లు చెప్పుకునే ఉపాధ్యాయులు. దేశ జనాభాలో దాదాపు 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది, ఏ ఆరోగ్య బీమా లేకుండా ఉన్నారని నీతి ఆయోగ్ 2021లో లెక్కగట్టింది.

వీరు పాలసీ తీసుకోకపోవడాన్ని కేవలం అవగాహన లోపమనడం అన్యాయం. గడువు తీరాక సొమ్ము తిరిగొచ్చే జీవిత బీమాకు అలవాటుపడిన ఇంట్లో, జబ్బు చేయకపోతే పైసా రాని ప్రీమియం దండగగానే కనిపిస్తుంది. పైగా నెలనెలా జేబు ఖాళీ చేసేవి షుగరు, బీపీ మందులు, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజులు. ఆసుపత్రిలో చేరితేనే వర్తించే సాధారణ పాలసీ వీటికి అక్కరకు రాదు. బ్యాంకులో దాచిన డబ్బుకు ఆ పట్టింపు లేదు. పంటి వైద్యానికైనా, రోగి వెంట ఉన్నవారి భోజనానికైనా వాడుకోవచ్చు. ఇది పాత జబ్బా, కొత్త జబ్బా అని అడిగేవారూ ఉండరు.

అయితే పొదుపుకు కాలం కావాలి. నెలకు 5,000 చొప్పున దాచినా, వడ్డీతో కలిపి 5 లక్షలు పోగవడానికి ఏడేళ్లకు దగ్గరగా పడుతుంది. ఈలోగా కాలేజీ ఫీజో, ఆడపిల్ల పెళ్లో దాన్ని మింగకుండా ఉండటం మన ఇళ్లలో అరుదు. పాలసీలో ప్రమాదాలకు మొదటి రోజు నుంచే, చాలా జబ్బులకు 30 రోజుల తర్వాత రక్షణ మొదలవుతుంది. హెర్నియా, కంటి శుక్లాల వంటి వాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ మూడేళ్లు మించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్దేశించింది. అంతకుముందు ఆ పరిమితి నాలుగేళ్లు. వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగిపోయింది.

కాబట్టి నలభై ఐదేళ్లలోపు ఉండి, పెద్ద జబ్బులేవీ లేని దంపతులకు నా ఓటు ముందు పాలసీకే. మందులకు, పరీక్షలకు చిన్న డిపాజిట్ దాని పక్కన ఉండాలి. డెబ్బై దాటిన తల్లిదండ్రులను అదే పాలసీలో చేర్చి ప్రీమియం పెంచుకునే ముందు, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ వయసువారికి 2024 అక్టోబరు నుంచి వర్తిస్తున్న 5 లక్షల ఆయుష్మాన్ భారత్ కార్డును పరిశీలించడం మంచిది. తేల్చడం కష్టమైనది అరవై దాటి, డెబ్బైకి చేరని షుగరు రోగుల విషయమే. మూడేళ్లు క్రమం తప్పక ప్రీమియం కట్టగలిగితే వారికీ పాలసీ మేలు. కట్టలేకపోతే, మధ్యలో వదిలేసే పాలసీ కన్నా డిపాజిట్టే నయం.

పాలసీ కొనేటప్పుడు చూడాల్సింది ఆసుపత్రి గది అద్దె పరిమితి. దానికి మించిన గదిలో చేరితే, చాలా పాలసీల్లో గది అద్దెతో పాటు డాక్టరు ఫీజు వంటి ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. ఇక దరఖాస్తులో షుగరు దాచిపెట్టమని సలహా ఇచ్చే ఏజెంటు దగ్గర పాలసీ తీసుకోకపోవడమే క్షేమం.