ల్యాప్‌టాప్ ఓవర్‌క్లాకింగ్: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్లు గేమింగ్ ల్యాప్‌టాప్ మీద రెండు దారులూ వాడి చూశాక, ప్రాసెసర్ క్లాక్ (పని వేగం) పెంచే ఓవర్‌క్లాకింగ్ కన్నా, దానికందే వోల్టేజీ తగ్గించే అండర్‌వోల్టింగ్‌కే నా ఓటు.

ప్రాసెసర్ పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీ 10 శాతం పెంచితే ఆ ఒక్కదానికే పవర్ 21 శాతం ఎక్కుతుంది. పైగా చాలా మోడళ్లలో సీపీయూ (ప్రాసెసర్)కీ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్)కీ వేడిని లాగే హీట్‌పైపులు ఉమ్మడి. గ్రాఫిక్స్ క్లాక్ పెంచితే ప్రాసెసర్ కూడా కాగి, 100 డిగ్రీల దగ్గర తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మొదటి నిమిషంలో కనిపించిన లాభం అరగంటకు మిగలదు. అందుకే ఒక్క బెంచ్‌మార్క్ స్కోరును నమ్మకుండా, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో అరగంట క్లాక్ గ్రాఫ్ చూడండి.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే అండర్‌వోల్టింగ్‌కు థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. కోర్, క్యాష్ రెండింటికీ మైనస్ 30 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి పదేసి చొప్పున దిగాలి. ఫుల్ లోడ్ టెస్ట్ పాసైందని ఆగిపోవద్దు. సరిపోని వోల్టేజీ చాలాసార్లు బయటపడేది బ్రౌజర్ స్క్రోల్ చేస్తున్నప్పుడో, స్లీప్ నుంచి లేపినప్పుడో. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (WHEA, హార్డ్‌వేర్ తప్పు) ఎర్రర్ ఒక్కటి కనబడినా 10 వెనక్కి రండి. 2019లో వోల్టేజీ మార్చి ప్రాసెసర్ భద్రతను దెబ్బతీసే ప్లండర్‌వోల్ట్ లోపం బయటపడ్డాక చాలా మోడళ్లలో బయాస్ అప్‌డేట్‌తో ఈ దారి మూసేశారు. అలాంటి వాటిలో పీఎల్1, పీఎల్2 (ప్రాసెసర్ ఎక్కువసేపు, కొద్దిసేపు వాడుకోగల పవర్ పరిమితులు) వాట్లు తగ్గించుకోవాలి. అదీ కుదరకపోతే విండోస్ పవర్ ఆప్షన్లలో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగుతుంది.

ఇక దుమ్ము. బయటి జాలీ శుభ్రంగానే ఉంటుంది. ఫ్యాన్ మూత తీస్తే, రెక్కలకూ రాగి ఫిన్స్‌కూ మధ్య దుప్పటి ముక్కలా మందంగా పేరుకుని ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది.

చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్చేటప్పుడు హీట్‌సింక్ స్క్రూల పక్కనున్న నంబర్లు చూడండి: విప్పేది చివరి నంబరు నుంచి, బిగించేది 1 నుంచి, కొంచెం కొంచెంగా. పల్చటి పేస్ట్ వేడెక్కి చల్లారే కొద్దీ డై (చిప్ పైభాగం) అంచులకు జారిపోతుంది, పేస్ట్ బదులు వాడే పీటీఎం7950 షీట్‌తో ఆ బాధ తక్కువ. థర్మల్ ప్యాడ్ అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా హీట్‌సింక్ డైకి ఆనదు, వేడి మునుపటికన్నా పెరుగుతుంది. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లొద్దు: అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది, చుక్క జారితే బోర్డు షార్టవుతుంది.

బ్యాటరీ చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపండి. టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిపడినా, అడుగు మూత అంచు లేచినా అది ఉబ్బిందని అనుమానించాలి. నొక్కి మూయకుండా, చార్జింగ్ ఆపి వెంటనే తీయించండి.