బ్లీచింగ్ పౌడర్ కొంటున్నారా? బస్తా మీది 33 శాతాన్ని నమ్మకండి

మా యూనిట్‌లో బట్టను తెల్లబరచడానికీ, సిబ్బంది తాగే నీటి ట్యాంకుకూ బ్లీచింగ్ పౌడరే వాడతాం. ఈసారి కొత్త సరఫరాదారు దగ్గర తీసుకున్నాం. బస్తా మీద క్లోరిన్ 33 శాతం అని ఉంది. ల్యాబ్‌లో టైట్రేషన్ (క్లోరిన్ ఎంతుందో కొలిచే రసాయన పరీక్ష) చేయిస్తే 20 శాతం కూడా రాలేదు!

అనుమానం బస్తా చూడగానే వచ్చింది. మూతి దగ్గర కుట్టు పక్కనే పాత సూది రంధ్రాల వరస ఇంకొకటి కనిపించింది. తయారీ తేదీ లేబుల్‌ను గోటితో లేపితే కింద ఇంకో లేబుల్, దాని మీద చాలా పాత తేదీ. పౌడర్ చెమ్మగిల్లి గడ్డలు కట్టింది. వేడికీ తేమకూ ఇందులోని క్లోరిన్ నెమ్మదిగా పోతుంటుంది, చివరికి మిగిలేది చాలావరకు సున్నం లాంటి పొడే. వాసన ఘాటుగానే ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు, బలం తగ్గిన సరుకు కూడా ముక్కు అదరగొడుతుంది.

అడిగితే సరఫరాదారు "ఇంకాస్త ఎక్కువ వేసుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. 33 శాతం సరుకైతే వెయ్యి లీటర్లకు 6 గ్రాములు వేస్తే లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. 20 శాతమైతే 1.2 మాత్రమే. నీటిలోని మలినాలు ముందు దాన్నే తినేస్తాయి. అరగంట తర్వాత లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములైనా మిగలాలి, లేకపోతే ఆ నీటికి రక్షణ లేనట్టే. పోనీ లెక్క లేకుండా ఎక్కువ వేస్తే సున్నం పెరిగి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పైకి పోతుంది. పీహెచ్ 8 దాటితే ఉన్న క్లోరిన్ కూడా సరిగ్గా పనిచేయదు. బట్ట సరిగ్గా తెలుపెక్కకపోతే మళ్లీ వేయొచ్చు, తాగేసిన నీళ్లను ఏం చేస్తాం?

డబ్బు కట్టే ముందే బస్తా మధ్యలోంచి తడి లేని గరిటెతో నమూనా తీయించండి. గాలి చొరబడని గాజు సీసాలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు పంపండి. ఆ బ్యాచ్ టెస్ట్ రిపోర్ట్ అడగండి, అందులోని బ్యాచ్ నంబరు బస్తా మీది నంబరుతో కలుస్తుందో లేదో చూడండి. మీ దగ్గర ఇలాంటి పాత సరుకు ఉంటే యాసిడ్ డబ్బాల పక్కన మాత్రం పెట్టకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

సరుకు వెనక్కి తీసుకోమని రాతపూర్వకంగా అడిగాం. ఇంకా జవాబు లేదు. ఈలోగా దాన్ని తాగునీటి ట్యాంకు దరిదాపులకు కూడా రానివ్వడం లేదు.