‘మీ షేర్లకు నెలనెలా అద్దె’ అంటున్న కవర్డ్ కాల్ సర్వీసుతో జాగ్రత్త

ఆ సర్వీసు పేరు రాయట్లేదు. డివిడెండ్ షేర్లు కొని పక్కన పెట్టుకునేవాళ్లలో చాలామందికి ఆ పీడీఎఫ్ వచ్చే ఉంటుంది. ‘షేర్లు ఊరికే పడున్నాయి, నెలనెలా అద్దె తీసుకోండి’ అన్నదే. కవర్డ్ కాల్ అంటే మన దగ్గరున్న షేర్లని ఒక తేదీన (ఎక్స్‌పైరీ) ఒక ధరకి (స్ట్రైక్) కొనుక్కునే హక్కుని, అంటే కాల్ ఆప్షన్‌ని, ఇంకొకరికి అమ్మి ప్రీమియం తీసుకోవడం. నిన్న మంగళవారం ఎక్స్‌పైరీ. ఈరోజు నా డీమ్యాట్‌లోంచి 1,350 షేర్లు వెళ్లిపోయాయి. కోపం చల్లారేదాకా ఆగకుండా రాస్తున్నాను, ఎందుకంటే వచ్చే నెలకి ఏ కాల్ అమ్మాలో కూడా వాళ్లు అప్పుడే గ్రూపులో పెట్టేశారు.

సంగతి క్లుప్తంగా చెప్తాను. అది ఒక ప్రభుత్వ రంగ కంపెనీ షేరు, ఏటా డివిడెండ్ తప్పనిది. కంపెనీ తప్పేం లేదు కాబట్టి దాని పేరూ అనవసరం. నా సగటు కొనుగోలు ధర 180. లాటు (ఒక ఆప్షన్‌లో ఉండే షేర్లు) 1,350. షేరు 391 దగ్గర ఉండగా 400 కాల్ అమ్మమన్నారు. ప్రీమియం 4.20, అంటే 5,670 రూపాయలు. వాళ్ల నెల ఫీజు 2,500. చేరేటప్పుడు చెప్పిన మాట ఒక్కటే: ‘షేరు స్ట్రైక్ దాటితే ఎక్స్‌పైరీకి ముందే రోల్ చేయిస్తాం, మీ షేర్లు ఎక్కడికీ పోవు.’ రోల్ అంటే ఈ నెల కాల్ తిరిగి కొనేసి, తర్వాతి నెలది అమ్మడం.

మంగళవారం పొద్దున పదింటికి షేరు 407. 400 కాల్ 8 రూపాయలకి దొరుకుతోంది. అప్పుడే తిరిగి కొనేసి ఉంటే 10,800 ఖర్చయ్యేది. వచ్చిన ప్రీమియం తీసేస్తే నష్టం 5,130, షేర్లు నా దగ్గరే ఉండేవి. ఏం చేయమంటారని అడిగాను. ‘హోల్డ్ చేయండి సార్, మధ్యాహ్నం రోల్ ఇస్తాం’ అన్నారు. పన్నెండున్నరకి మళ్లీ అడిగాను. ‘మా డెస్క్ చూస్తోంది సార్.’ రెండు నలభైకి షేరు 419. స్క్రీన్ మీద ఆ కాల్ కొనేవాళ్ల రేటు 16.50, అమ్మేవాళ్ల రేటు 22.80, అదీ ఒక్క లాటు. దాని అసలు విలువ 19. స్టాక్ ఆప్షన్లలో ఎక్స్‌పైరీ రోజు ఇన్ ద మనీ కాల్ (షేరు స్ట్రైక్‌కి పైన ఉన్నది) పరిస్థితి తరచూ ఇలాగే ఉంటుంది. కొన్నవాళ్లు డెలివరీకి పూచీగా కట్టాల్సిన మార్జిన్ కట్టలేక రెండు మూడు రోజుల ముందే బయటపడతారు, మిగిలిన ఒకరిద్దరు చెప్పిందే రేటు. మూడూ ఐదుకి మెసేజ్ వచ్చింది: ‘ఎగ్జిట్ మీ ఇష్టం సార్.’ షేరుకి ముగింపు ధరగా తీసుకునేది చివరి అరగంట సగటు. అది 421 దగ్గర తేలింది.

సాయంత్రం ఆ సర్వీసతను ఫోన్ ఎత్తాడు. ‘సార్, 180కి కొన్నవి 400కి పోయాయి, పైన ప్రీమియం కూడా వచ్చింది. మీకు నష్టం ఎక్కడుంది?’ అన్నాడు. రోల్ చేయిస్తామని చెప్పారు కదా అంటే, ‘అది సజెషన్ సార్, మేం ఎడ్యుకేషన్ మాత్రమే చెప్తాం’ అన్నాడు. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఆ పది నిమిషాల్లోనే వాళ్ల ఈ నెల పట్టిక చూశాను. నేను అమ్మిన కాల్, పక్కన ప్రీమియం 4.20, ఆ పక్కన పచ్చ టిక్కు. నా షేర్లు పోయిన నెల వాళ్ల లెక్కలో గెలిచిన నెల. పీడీఎఫ్ మొదటి పేజీలో వరసగా కనిపించే పచ్చ టిక్కులన్నీ అలా వచ్చినవే. ప్రీమియం చేతికొస్తే చాలు, అది గెలుపు. షేరు స్ట్రైక్‌కి ఎంత పైన ముగిసింది, షేర్లు మిగిలాయా పోయాయా అన్న గడులే ఆ పట్టికలో లేవు. ఇంత మోసపు లెక్క నెలల తరబడి నా కళ్ల ముందే ఉంది, నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. కాల్ అమ్మింది నా అకౌంట్లో, తిరిగి కొనాల్సిందీ నేనే. 407 దగ్గర ఎవర్నీ అడక్కుండా కొనేయాల్సింది. ఐదు గంటలు ఇంకొకడి మెసేజ్ కోసం ఎదురుచూశాను.

‘నష్టం ఎక్కడుంది’ అన్నాడు కదా, ఎక్కడుందో రాస్తున్నాను. షేరు 421 ఉండగా 400కి ఇచ్చేశాను. 21 చొప్పున 28,350. 180కి కొన్నవి 400కి అమ్మినట్టు లెక్క కాబట్టి లాభం 2,97,000. లాంగ్ టర్మ్ లాభానికి ఏటా ఉండే 1.25 లక్షల మినహాయింపు మొత్తం మిగిలి ఉందనుకున్నా, మిగతా 1,72,000 మీద 12.5 శాతం అంటే 21,500, సెస్సుతో 22,360. ఇంకో పదేళ్లు కదిలించకూడదనుకున్న షేర్ల మీద ఈ ఏడాదే కట్టాల్సిన పన్ను ఇది. డెలివరీకి 0.1 శాతం ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), బ్రోకర్ ఫిజికల్ డెలివరీకి వేసే కమీషన్ వేరే. డివిడెండ్ ఎవరికివ్వాలో తేల్చే రికార్డు డేట్ శుక్రవారం, షేరుకి 7 రూపాయల డివిడెండ్, అంటే 9,450. కొన్న మర్నాడే షేర్లు చేతికొస్తాయి (టీ ప్లస్ వన్) కాబట్టి రేపు గురువారంలోగా మళ్లీ కొంటే అది వస్తుంది. కానీ చేతికొచ్చింది 5,40,000, అవే షేర్లు కొనాలంటే 5,68,000 పైన కావాలి. పైగా పన్నెండు నెలల లాంగ్ టర్మ్ లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఇదంతా 5,670 కోసం. అందులో 2,500 వాళ్ల ఫీజుకే పోయింది.

ఆ పీడీఎఫ్‌లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఒక స్లైడు. ‘ఎక్స్-డేట్ ముందు రోజు ఒక్కటే జాగ్రత్త, మిగతా రోజుల్లో భయం లేదు’ అని ఉంటుంది (ఎక్స్-డేట్ అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్లకి ఈసారి డివిడెండ్ రాదు). అది అమెరికా పాఠం. అక్కడి స్టాక్ ఆప్షన్లు అమెరికన్ పద్ధతివి, కొన్నవాడు ఏ రోజైనా ఎక్సర్‌సైజ్ చేయొచ్చు. అందుకే ఇన్ ద మనీ కాల్‌లో మిగిలిన టైమ్ వాల్యూ (అసలు విలువకి పైన ఉన్న రేటు) డివిడెండ్ కన్నా తక్కువుంటే, ఎక్స్-డేట్ ముందు రోజే షేర్లు లాక్కుంటారు. (అక్కడున్న మనవాళ్లు కవర్డ్ కాల్స్ రాస్తుంటే ఇది నిజంగానే చూసుకోవాలి.) ఇక్కడ 2011 జనవరి నుంచి స్టాక్ ఆప్షన్లు యూరోపియన్ పద్ధతిలోకి మారాయి. ఎక్స్‌పైరీ రోజు తప్ప ఎవరూ ఎక్సర్‌సైజ్ చేయలేరు. మన దగ్గర ప్రమాదమంతా ఆ ఒక్క రోజు మీదే ఉంటుంది. ఎక్స్ఛేంజీలు 2018 జులైలో మొదలుపెట్టి 2019 అక్టోబరుకల్లా స్టాక్ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) మొత్తాన్నీ ఫిజికల్ సెటిల్‌మెంట్‌కి మార్చాయి. నిఫ్టీ ఆప్షన్ అయితే డబ్బు తేడాతో తీరిపోతుంది. స్టాక్ ఆప్షన్ స్ట్రైక్ దాటి ముగిస్తే లాటు మొత్తం షేర్లు ఇవ్వాలి. దీని గురించి ఆ పీడీఎఫ్‌లో ఒక్క వాక్యం లేదు.

ఇంకో స్లైడులో ‘డివిడెండ్ తర్వాత షేరు పడుతుంది కాబట్టి కాల్ అమ్మినవాళ్లకి రెండు లాభాలు’ అని ఉంది. అదీ తప్పే. డివిడెండ్ షేరు ధరలో 2 శాతం, అంతకు మించి ఉంటే ఎక్స్ఛేంజి స్ట్రైక్‌ని కూడా అంతే తగ్గిస్తుంది. 2 శాతం లోపయితే తగ్గించదు, కానీ రాబోయే డివిడెండ్ సంగతి మార్కెట్‌కి ముందే తెలుసు కాబట్టి కాల్ ప్రీమియమే తక్కువగా ఉంటుంది. రెండో లాభం అన్నది లేదు.

‘ఆప్షన్లు కొనేవాళ్లలో 93 శాతం నష్టపోయారని సెబీయే చెప్పింది, మనం అమ్మేవాళ్లం’ అని కూడా చెప్తారు. 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఆ లెక్క ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తులందరిదీ, కొన్నవాళ్లదీ అమ్మినవాళ్లదీ కలిపి.

మార్జిన్ విషయం కూడా దాచారు. షేర్లు మన దగ్గరే ఉన్నాయి కదా అని మార్జిన్ మాఫీ కాదు, స్పాన్, ఎక్స్‌పోజర్ అనే రెండు రకాల మార్జినూ కట్టాలి. షేర్లు ప్లెడ్జ్ (తాకట్టు) పెడితే హెయిర్‌కట్ (విలువలో కోత) పోను మిగిలిందే లెక్కకొస్తుంది. అదీ సగం వరకే, మిగతా సగం క్యాష్ గానీ లిక్విడ్ ఫండ్ లాంటివి గానీ ఉండాలి, లేకపోతే చాలా బ్రోకర్ల దగ్గర రోజుకింత వడ్డీ పడుతుంది. నేను లిక్విడ్ ఫండ్ ప్లెడ్జ్ పెట్టాను కాబట్టి షేర్లు ఖాళీగా ఉండి సరిగ్గా డెలివరీ అయ్యాయి. గ్రూపులో చాలామంది ఏ షేర్ల మీద కాల్ అమ్మారో అవే షేర్లని ప్లెడ్జ్ పెట్టారు. వాటిని సమయానికి విడిపించకపోతే షార్ట్ డెలివరీ (ఇవ్వాల్సిన షేర్లు ఇవ్వలేకపోవడం) కింద పడి ఆక్షన్‌కి (వేలానికి) వెళ్లే ప్రమాదం ఉంది. ఆక్షన్‌లో ఎంత రేటు పలికితే అంత మనమే భరించాలి. 1,350 లాటుకి వెయ్యి షేర్లే ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల 350 షేర్లు కవర్డ్ కానే కాదు.

రిటైరైన పెద్దవాళ్లు ముఖ్యంగా ఇది చదవండి. కాల్ అమ్మితే వచ్చే ప్రీమియం డివిడెండ్ లాంటి ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. ఐటీఆర్-2 వేసేవాళ్లు ఐటీఆర్-3కి మారాలి. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్లకి అడ్వాన్స్ ట్యాక్స్ నుంచి మినహాయింపు ఉంది. ఒక్క నెల ‘అద్దె’ తీసుకున్నా ఆ మినహాయింపు పోతుంది.

చేయాల్సింది కొంచెమే. తక్కువ ధరకి కొని ఏళ్లుగా ఉంచుకున్న షేర్ల మీద కాల్ అమ్మకండి. అమ్మి ఉంటే ఎక్స్‌పైరీకి ముందు గురువారం, శుక్రవారాల్లోనే లిమిట్ ఆర్డర్‌తో తిరిగి కొనండి, మార్కెట్ ఆర్డర్ వద్దు. సలహా ఇచ్చేవాడి సెబీ నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టు అయితే ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఐఎన్ఏతో మొదలవుతుంది. సెబీ సైటులో ఆ నంబరు ఎవరిదో చూసుకోండి. ‘ఎడ్యుకేషన్ మాత్రమే’ అనేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడి పాఠం చెప్పకూడదని 2025 జనవరిలోనే సెబీ చెప్పింది, ఈరోజు రేటు చూసి ఈరోజు ఏం అమ్మాలో చెప్పడం ఎడ్యుకేషన్ కాదు. నేను ఫీజు పంపింది ఒక మామూలు వ్యక్తి యూపీఐకి, అప్పుడే అనుమానించాల్సింది. వాళ్ల మెసేజ్‌లు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, గ్రూపులోంచి తీసేశాక ఏమీ దొరకవు. నా దగ్గర పొద్దున పదింటి ‘హోల్డ్ చేయండి సార్’ ఉంది.

వాళ్లు ఈ మధ్యాహ్నం అమ్మమన్న కొత్త కాల్ అదే షేరుది, 430 స్ట్రైక్. షేరు ఈరోజు 424 దగ్గర ముగిసింది. ఆ మెసేజ్ చూసి అమ్మినవాళ్లు రేపు తొమ్మిదింపావుకే స్క్రీన్ తెరిచి, మీ కొనుగోలు ధర పక్కన పెట్టుకుని ఆ స్ట్రైక్ చూడండి.