ఫైలు చూసి కొన్న కారు: సెకండ్ హ్యాండ్ బండితో ఆరేళ్లు

ఈ కారు నా దగ్గరికి వచ్చి ఆరేళ్లు దాటింది. వచ్చేనాటికే దాని వయసు ఏడేళ్లు, మీటరు మీద 68 వేల కిలోమీటర్లు. ఇప్పుడు 1,31,000. మైలేజీ, పికప్, డిక్కీ సైజు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఏ కంపెనీ బండో కూడా చెప్పను. నాకిది మంచి బేరమైందంటే దానికి కారణం దాంతోపాటు వచ్చిన నీలం రంగు ఫైలు. ఆ ఫైలంటే నాకెంత ఇష్టమో రాద్దామని కూర్చున్నాను.

దీనికి ముందు తొమ్మిది బండ్లు చూశాను. అందులో ఒకటి అద్దంలా మెరిసిపోతోంది, మీటరు 45 వేలే చూపిస్తోంది. దాదాపు ఖాయం చేసుకున్నాను. డ్రైవరు తలుపు తీసి వంగి చూస్తే, తలుపు పక్క స్తంభం మీద సగం చిరిగిన ఆయిల్ స్టిక్కరు కనిపించింది. తర్వాతి ఆయిల్ మార్పు 90 వేల దగ్గర అని పెన్నుతో రాసి ఉంది. అంటే మీటరు వెనక్కి తిప్పారన్నమాట. అప్పుడు చూశాను, స్టీరింగు చేతులు పట్టే చోట నున్నగా అయిపోయింది, బ్రేకు పెడల్ రబ్బరు ఒక మూల పూర్తిగా అరిగింది. మాట్లాడకుండా వచ్చేశాను. ఇంకో చోట నేను వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంది. చల్లటి ఇంజిన్ స్టార్టు చేసినప్పుడే పొగా, చప్పుడూ, బ్యాటరీ బలహీనతా బయటపడతాయి. మర్నాడు పొద్దున వస్తాను, అప్పటిదాకా స్టార్టు చేయకండి అన్నాను. ఈలోపే బండి అమ్ముడైపోయిందన్నారు.

నా కారు చూడ్డానికి అంత బాగుండదు. రంగు వెలిసింది, ఎడమ తలుపు మీద సొట్ట ఉంది. టైర్ల గాడులు బాగానే ఉన్నా, పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూస్తే, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం కదా, నాలుగూ ఐదేళ్లు దాటినవే. ఆ మాట నేనెత్తేలోపే ఓనరుగారు, ‘‘టైర్లు మార్చాలండీ, ఆ మేరకు తగ్గించుకోండి’’ అన్నారు. తర్వాత ఫైలు చేతికిచ్చారు. ఏడేళ్ల బిల్లులు తేదీల వరసలో ఉన్నాయి. ప్రతి దాని మీదా ఆ రోజు మీటరు రీడింగు ఉంది. ఏడాదికి తొమ్మిది పదివేల చొప్పున, ఎక్కడా వెనక్కి తగ్గకుండా పెరుగుతూ వచ్చింది. 61 వేల దగ్గర టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే పట్టీ, కూడా మార్పించారు. పెద్ద ఖర్చు ఒకటి తప్పిందని అక్కడితో బేరమాడడం ఆపి కొనేశాను.

రెండేళ్ల పాటు ఎవరడిగినా ఇదే చెప్పాను: బండిని కాదు, బిల్లుల్ని చూసి కొనండి అని.

మూడో ఏడు, వర్షం పడుతున్న రాత్రి, నాన్న వెనక సీట్లో నిద్రపోతున్నారు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగానికి కాస్త కిందే నిలబడేది. ఆ రాత్రి సగం దాటింది. ఏసీ ఆపి, హీటరు ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించాను. ఇంజిన్ వేడి కొంత హీటరు గుండా బయటికి పోతుందని. ఒక నిమిషం వేడిగాలి వచ్చింది. తర్వాత అదే హీటరులోంచి చల్లగాలి మొదలైంది, ముల్లు మాత్రం పైకే పోతోంది. లోపల తిరగడానికి కూలెంటే, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవమే, లేదన్నమాట. వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. నాన్న లేచి రేడియేటర్ మూత తీసి నీళ్లు పోద్దామన్నారు. చేయి పట్టుకుని ఆపాను. వేడి మీద లోపల ప్రెషర్ ఉంటుంది, మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. వర్షంలో ముప్పావు గంట అలాగే కూర్చుని, చివరికి బండిని లాగించుకుని వెళ్లాం.

పొద్దున మెకానిక్ పక్క కవరు విప్పారు. కూలెంటుని ఇంజిన్‌లో తిప్పే వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి కారిన గులాబీ రంగు కూలెంట్ చారలు ఎండి అట్టకట్టి ఉన్నాయి. ఆ ఇంజిన్‌లో పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే. బెల్ట్ అంచు కూలెంటుతో తడిసి ఉబ్బింది. అది తెగి ఉంటే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోయేవి, హెడ్డు, అంటే ఇంజిన్ పైభాగం, విప్పాల్సి వచ్చేది. ఆయన ఫైలు అడిగి 61 వేల నాటి బిల్లు తీశారు. నల్లటి వేలు ఒక్కో గీత మీదా జరిగింది: బెల్ట్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, కూలీ. ‘‘పంపు ఏదండీ ఇందులో?’’

లేదు. బండితో పుట్టిన పంపే అప్పటిదాకా తిరిగింది. బెల్ట్ కోసం అంతా విప్పినప్పుడే పంపూ వేసేస్తే కూలీ ఒక్కసారితో పోతుంది. ఇప్పుడు పంపు, థర్మోస్టాట్‌తో పాటు సగం జీవితం కూడా గడవని బెల్ట్ మళ్లీ కొత్తది వేయాలి. ఇంకో పేజీ తిప్పితే, నేను కొనడానికి ముందున్న రెండు బిల్లుల్లోనూ ‘కూలెంట్ టాప్ అప్’, అంటే తగ్గినంత నింపారని, ఉంది. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ ఊరికే తరిగిపోదు. పంపు అప్పటికే కారుతోందని ఆ కాగితమే చెబుతోంది. ఇరవైసార్లు చదివిన బిల్లులవి. ఉన్న పనులు చూసి సంతోషపడ్డానే గానీ, లేని పని కోసం వెతకలేదు.

పాత ఓనరుగారి మీద నాకు కోపం లేదు. వర్క్‌షాపు చెప్పిన పని చేయించి, బిల్లు దాచి, నా చేతిలో పెట్టారు. పైగా ఆ ఫైలే లేకపోతే పంపు వయసు పదేళ్లని మెకానిక్‌కి తెలిసేదే కాదు. మెకానిక్ దగ్గర్నుంచి ఇంటికొచ్చిన రాత్రి మొదటి పేజీ నుంచి మళ్లీ చదివితే బ్రేక్ ఆయిల్ మార్పు ఏడేళ్లలో ఒక్కసారే కనిపించింది. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే మరిగే వేడి తగ్గిపోతుంది. మర్నాడే మార్పించాను. నేను మాత్రం అప్పటికి రెండేళ్లుగా అదే ఆయిల్‌తో ఇంటిల్లిపాదినీ తిప్పాను.

ఆ తర్వాత నాలుగేళ్లలో ఈ బండి నన్ను దారిలో వదిలేసింది లేదు. ఇలాంటిది కొనుక్కోమని చెబుతానా అంటే, నా పరిస్థితి వేరు. నాకు రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లే, పదేళ్లుగా తెలిసిన మెకానిక్ ఉన్నారు, వారం బండి లేకపోయినా గడుస్తుంది. రోజూ వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి, బండి ఆగితే పని ఆగిపోయేవాళ్లకి, ఎంత మంచి ఫైలున్నా ఏడేళ్ల బండి చాలదేమో. కొంటే మాత్రం కొన్న మొదటి నెలలోనే మరమ్మతులకి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. నేను మొత్తం బేరంలోనే పెట్టేశాను.

ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతోంది గానీ వేగం అందుకోవడం లేదు. క్లచ్ జారుతోంది. వేయించాలా, ఇలాగే చెప్పి అమ్మేయాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. ఫైలు మాత్రం రెట్టింపు లావైంది.