పాత కేసు, చిన్న ఊరు: మూడింట్లో ఏది ముందు చూడాలి?

"మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్, ట్రూ డిటెక్టివ్ మూడో సీజన్, షెట్లాండ్ నాలుగో సీజన్. మూడింటికీ టైమ్ లేదు, ఒక్కటే చెప్పు." మూడూ చిన్న ఊళ్లో పాత కేసు మీద నడిచే ఇంగ్లిష్ క్రైమ్ సిరీస్‌లు. ఈ మధ్య నన్ను ఇలా అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. నోటికొచ్చింది చెప్పడం ఇష్టం లేక మూడూ మళ్లీ మొదట్నుంచి చూశాను. వరసగా 7, 8, 6, మొత్తం 21 ఎపిసోడ్లు. కథలు కొంత చెప్పక తప్పదు గానీ, ఎవరు చేశారన్నది మాత్రం ఎక్కడా చెప్పను.

ఎవరు చేశారన్నది మూడూ చివరికి చెప్తాయి. నేను చూసుకునేది వేరే. కేసు మూలనపడి ఉన్న ఆ ఏళ్లలో ఊరు ఎలా బతికింది? నగరంలో తేలని కేసు ఫైలుగా మారి అటకెక్కుతుంది. చిన్న ఊళ్లో అలా కుదరదు. పోయిన పిల్ల తల్లీ, అనుమానం మోసినవాడి ఇంటివాళ్లూ రోజూ ఒకే కొట్టుకి వెళ్లాలి, ఒకరికొకరు ఎదురుపడాలి. ఆ ఎదురుపడటం చూపించకపోతే, ఎన్ని మలుపులున్నా అది నాకు మామూలు పోలీసు కథే.

మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్ (2021) మొదట్లోనే ఊరు ఎంత చిన్నదో తెలిసిపోతుంది. తెల్లారగానే ఒక ముసలావిడ ఎవరో ఇంటి దగ్గర తచ్చాడారని ఫోన్ చేస్తుంది. స్టేషన్‌కి కాదు, నేరుగా డిటెక్టివ్ మేర్ సొంత నంబరుకి. మేర్ విసుక్కుంటూనే వెళ్తుంది. పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్లో ఆమెకి తెలియని గడప లేదు. ఏడాది కింద కనిపించకుండా పోయిన కేటీ బెయిలీ అనే అమ్మాయి తల్లి కూడా పరాయి మనిషేం కాదు. ఆ తల్లి టీవీలో కూర్చుని పోలీసులు నా కూతుర్ని వదిలేశారని అంటుంటే, మేర్ తలెత్తి నడవాల్సింది ఆ ఊరి వీధుల్లోనే. మేర్‌గా వేసిన కేట్ విన్స్‌లెట్‌కి టీవీ అవార్డు ఎమ్మీ ఊరికే రాలేదు. ఆవిడ కుంటుతూ నడిచే నడకలోనే సగం కథ ఉంది. అయితే కొత్త హత్య జరగ్గానే కేటీ కేసు వెనక్కి జరుగుతుంది. కొడుకుని పోగొట్టుకున్న మేర్ దుఃఖమే అసలు కథ అవుతుంది. ఒక తల్లి కథగా దీనికి సాటి లేదు. పాత కేసు కథగా మాత్రం నాకు రెండో స్థానమే.

ట్రూ డిటెక్టివ్ మూడో సీజన్ (2019) మొదటి రెండు సీజన్లూ చూడకపోయినా అర్థమవుతుంది. 1980 నవంబర్ 7న ఆర్కన్సాలో అన్నాచెల్లెళ్లిద్దరు సైకిళ్ల మీద వెళ్లి తిరిగి రారు. కథ 1980, 1990, 2015 మధ్య తిరుగుతుంది. డిటెక్టివ్‌గా వేసిన మహర్షలా అలీ మూడు వయసుల్లోనూ ఆ ఒక్క కేసునే మోస్తాడు. 2015లో అతనికి జ్ఞాపకం చెదిరిపోతోంది. ఆ కేసు గురించి ఇంటర్వ్యూ ఇవ్వబోయే రోజు పొద్దున తను ఎవరో, ఇవాళ ఏం జరగబోతోందో తన గొంతుతో తనే రికార్డు చేసుకున్నది విని బయల్దేరతాడు. కేసు తేలేలోపు దాన్ని గుర్తుపెట్టుకున్న మనిషే చెదిరిపోతే? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. కాకపోతే ఇందులో కాలం పనిచేసేది ఊరి మీద కాదు, ఒక్క మనిషి తలలో. పాత సామాన్లు ఏరుకుని బతికే వియత్నాం యుద్ధ సైనికుడు వుడార్డ్ మీదికి ఊరి మగవాళ్లు ఎగబడే భాగంలో తప్ప, ఊరు నాకు దూరంగానే ఉండిపోయింది.

ఇక షెట్లాండ్ నాలుగో సీజన్ (2018). స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న దీవులు. మొత్తం జనాభా 23 వేలకి అటూ ఇటూ. చెట్టూ చేమా తక్కువ, ఎవరు ఎటు వెళ్తున్నా మైలు దూరం నుంచి కనిపిస్తారు. లిజ్జీ అనే అమ్మాయిని చంపాడని 23 ఏళ్లు జైల్లో ఉన్న థామస్ మలోన్ శిక్షని కోర్టు రద్దు చేస్తుంది. అతను ఇంకెక్కడికో పోకుండా ఆ దీవులకే తిరిగొస్తాడు. కోర్టు వదిలేసింది గానీ ఊరు వదల్లేదు. ఇది చూస్తుంటే మా ఊళ్లో ఒకాయన గుర్తొచ్చాడు. దొంగతనం కేసు కొట్టేసి పదేళ్లయినా ఆయన సైకిల్ మీద పోతుంటే "అదుగో, ఆ కేసాయన" అనే అనేవాళ్లు. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

అంతలో ఇంకో అమ్మాయి, జర్నలిస్టు శాలీ, అదే తీరులో చనిపోతుంది. శాలీ తండ్రి డ్రూ మెకాల్ రిటైరైన పోలీసు. లిజ్జీ కేసు అప్పట్లో చూసింది ఆయనే. ఇప్పుడు డిటెక్టివ్ జిమ్మీ పెరెజ్ కూతురు పోయిన ఆ తండ్రి ముందు కూర్చుని, మీరు ఆ రోజు సరిగ్గా చేశారా అని అడగాలి. పెరెజ్‌గా వేసిన డగ్లస్ హెన్షాల్ ఆ మాటల దగ్గర గొంతు పెంచడు. ఎదుటివాడికి ఊపిరాడే చోటు వదిలి అడుగుతాడు. మలోన్ నిర్దోషి అని పెరెజ్‌కే పూర్తి నమ్మకం లేదు, అయినా ఊరి నుంచి అతన్ని కాపాడాలి. హంతకుడెవరన్న ప్రశ్నతో పాటు, 23 ఏళ్లు మనం నమ్మింది ఏమిటన్న ప్రశ్న కూడా ఊరి మీద పడటం మిగతా రెండింట్లో ఇంత సూటిగా లేదు. నార్వే వెళ్లే భాగం కాస్త సాగింది, అది ఒప్పుకోవాలి.

బ్రాడ్‌చర్చ్ అనే బ్రిటిష్ సిరీస్ గురించీ అడుగుతుంటారు. మొదటి సీజన్ బాగుంటుంది గానీ అది అప్పుడే జరిగిన హత్య, పాత కేసు కాదు. తమిళ సిరీస్ సుడల్ తెలుగు డబ్బింగ్‌లో ప్రైమ్‌లో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే అది సులువు.

నన్నడిగితే షెట్లాండ్ ముందు, తర్వాత మేర్, ఆఖర్న ట్రూ డిటెక్టివ్. షెట్లాండ్ నేరుగా నాలుగో సీజన్‌తోనే మొదలుపెట్టొచ్చు. పెరెజ్ భార్య చనిపోయిందనీ, ఆమె కూతురు క్యాసీని అతనూ, ఆ అమ్మాయి కన్నతండ్రి డంకనూ కలిసి పెంచారనీ తెలిస్తే చాలు. ఆ స్కాట్లాండ్ యాస మొదటి ఎపిసోడ్‌లో చెవికి ఎక్కదు, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.