చెప్పు విప్పే దేవతకి రెండు టికెట్లు

గ్రీకుల విజయదేవత నీకేని చూద్దామని ఏథెన్స్ వెళ్ళేవాళ్ళ జేబుకి చిల్లు పడేది టికెట్ కౌంటర్ దగ్గరే. 2025 ఏప్రిల్ నుంచి ఆక్రోపోలిస్ కొండకి మనిషికి 30 యూరోలు. ఇంత తీసుకున్నారు, కింద మ్యూజియం కూడా ఇందులోనే అనుకుంటారు అందరూ. కాదు, దానికి వేరే 20. నలుగురు పెద్దవాళ్ళున్న కుటుంబానికి రోజు తిరక్కుండానే 200 యూరోలు, అంటే దాదాపు 20 వేల రూపాయలు. అసలు శిల్పమేమో మ్యూజియంలోనే ఉంది.

మెట్లెక్కుతుంటే కుడిచేతి వైపు, బురుజు అంచున కనబడే బుల్లి గుడే ఎథీనా నీకేది, అంటే విజయదేవత రూపంలోని ఎథీనాది. ముందు నాలుగు స్తంభాలు, వెనక నాలుగు, పొడవు 8 మీటర్ల పైచిలుకు. లోపలికి పోనివ్వరు. 1686లో తురుష్కులు ఫిరంగులు నిలబెట్టడానికి దీన్ని ఊడదీశారు. ఆ రాళ్ళనే ఏరి 1830ల్లో మళ్ళీ కట్టారు. చూరు కింది బొమ్మల పట్టీ ఇప్పుడు నకలే. ఇక్కడి దేవతకి రెక్కలు లేకపోవడానికి కారణం, ఉంటే విజయం ఊరొదిలి ఎగిరిపోతుందన్న భయమట. లక్ష్మిని చంచల అనే మనకి ఇది కొత్తేం కాదు. పాలరాయి అరిగి నున్నబడింది, వాన లేకపోయినా జారుతుంది. తోలు చెప్పులు వద్దు. పొద్దున 8 గంటల స్లాటే తీసుకోండి, ఎండెక్కితే పెద్దవాళ్ళు విసుక్కుంటారు.

ఇక మ్యూజియం మొదటి అంతస్తు. ఆ గుడి చుట్టూ ఉన్న పిట్టగోడ పలకలు ఇక్కడున్నాయి, ఎత్తు మీటరు. ఒకదాని మీద నీకే ఒంటికాలి మీద వంగి, కుడిచేత్తో చెప్పు సర్దుకుంటోంది. గుడి దగ్గర విప్పుతోందనే కొందరంటారు. మనకైతే అదే సబబనిపిస్తుంది. నైకీ బూట్ల కంపెనీకి పేరిచ్చిన తల్లి మరి! తల విరిగిపోయింది. తడిసి ఒంటికి అతుక్కున్న నూలుచీరలా ఉంటాయి మడతలు. ఎదురుగా కాక, పక్కకి జరిగి చూడండి.

ఒలింపియాలో పైయోనియోస్ అనే శిల్పి చెక్కిన నీకే, దాదాపు 9 మీటర్ల ముక్కోణపు స్తంభం మీదికి దిగుతున్నట్టు ఉండేది. బస్సులో పిర్గోస్ దాకా వెళ్ళి అక్కడ మారాలి. ఒక్కరోజులో తిరిగి రాలేరు, రాత్రికి ఒలింపియాలోనే ఉండండి.

సమోత్రాకి దీవి పేరుతో ఉన్న నీకే విగ్రహం కోసం మాత్రం అక్కడికి ఓడెక్కకండి. అక్కడి మ్యూజియంలో ఉన్నది ప్లాస్టర్ నకలు. అసలుది 1863లో దొరికింది, ఉండేది పారిస్ లూవ్ర్‌లో. మంగళవారం సెలవు.