టొరంటో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్: కప్పు మీద రాతలు చదవడం తెలిస్తే టికెట్టు గిట్టుబాటే

ఇది మంచు మీద ఆడే హాకీకి సంబంధించిన మ్యూజియం. ఇక్కడి స్టాన్లీ కప్పు ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే ట్రోఫీ, గెలిచినవాళ్ల పేర్లు దాని చుట్టూ ఉన్న పట్టీల మీద చెక్కుతారు. దాని పక్కన ఫొటోకి నిలబడే ముందు, పై నుంచి రెండో పెద్ద పట్టీ మీద 1983–84 ఎడ్మంటన్ ఆయిలర్స్ పేర్లు వెతకండి. అక్కడ ఒక పేరు ఉండాల్సిన చోట వరసగా పదహారు ఎక్స్ గుర్తులు కొట్టి ఉంటే మీ ముందున్నది ఆటగాళ్లు గెలిచి ఎత్తే అసలు కప్పే. అవి లేకపోతే 1993లో చేయించిన నకలు. జట్టు యజమాని పీటర్ పాక్లింగ్టన్ ఆ ఏడాది తన తండ్రి బాసిల్ పేరు కూడా జాబితాలో దూర్చాడు. ఆయనకీ ఆ జట్టుకీ సంబంధం లేదు కాబట్టి లీగ్ దాన్ని కొట్టించేసింది. నకలు తయారుచేసేటప్పుడు ఆ పేరూ రాయలేదు, ఎక్స్‌లూ కొట్టలేదు.

1995 నుంచి గెలిచిన జట్టులో ప్రతి ఆటగాడికీ కప్పుతో ఒక రోజు గడిపే అవకాశం ఇస్తున్నారు. జూన్‌లో ఫైనల్ అయిపోయాక వేసవంతా అది ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని సీఎన్ టవర్, నయాగరా తిప్పుతూ జులైలోనో ఆగస్టులోనో ఇక్కడికీ తీసుకొస్తే, వాళ్లు చూసేది ఎక్కువగా నకలే. అసలుదే చూడాలన్న పట్టుదల ఉంటే, వెళ్లే రోజు కప్పు ఊళ్లో ఉందో లేదో ముందే అడిగి బయల్దేరడం మేలు.

దారి విషయానికొస్తే, యంగ్, ఫ్రంట్ వీధుల మూలన కనిపించే 1885 నాటి బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ భవనమే ఇది. అయితే ఆ పాత తలుపుల ముందు ఎంతసేపు నిలబడ్డా లాభం లేదు. లోపలికి దారి పక్కనున్న బ్రూక్‌ఫీల్డ్ ప్లేస్ కింది అంతస్తులో ఉంది. యూనియన్ స్టేషన్‌లో దిగితే భూగర్భ నడక దారిలోనే వచ్చేయొచ్చు, చలికాలంలో కోటు గుండీలు పెట్టుకునే పని కూడా ఉండదు. మ్యూజియం ఇక్కడికి మారింది 1993లో. అంతకుముందు, 1961 నుంచి, ఎగ్జిబిషన్ ప్లేస్‌లో ఉండేది.

టికెట్టుకి పెట్టిన డబ్బుకి సార్థకత పై అంతస్తులోని గ్రేట్ హాల్లో ఉంది. రంగుటద్దాల గోపురం కింద ట్రోఫీలన్నీ వరసగా ఉంటాయి. పక్కనే బ్యాంకు వాళ్ల పాత ఖజానా గది. జనం కప్పు దగ్గర ఫొటో దిగి ఇటు తిరిగి చూడకుండానే వెళ్లిపోతుంటారు. అసలు సరుకంతా ఆ గదిలోనే ఉంది. అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో పది గినీలకు కొనిచ్చిన మొదటి గిన్నె అక్కడుంది: ఎత్తు 18.5 సెంటీమీటర్లు, వెడల్పు 29. అంత చిన్నది. వెండి పెళుసెక్కిందని దాన్ని పక్కన పెట్టేశారు. ఇప్పుడు కప్పు నెత్తిన ఉన్నది మాంట్రియల్ వెండి పనివాడు కార్ల్ పీటర్సన్ చేసిన గిన్నె.

అదే గదిలో కప్పు నుంచి విప్పేసిన పట్టీలున్నాయి. కప్పు ఎత్తు 89.5 సెంటీమీటర్లు, బరువు పదిహేనున్నర కిలోలు. పేర్లు చేరేకొద్దీ అది పెరుగుతూ పోతే మోయడం ఎవరి తరం? అందుకే ఐదు పెద్ద పట్టీలే ఉంచుతారు. ఒక్కో పట్టీకి పదమూడేళ్లు. అడుగు పట్టీ నిండితే పైనున్న పాతదాన్ని తీసి ఖజానాలో పెట్టి, కింద కొత్తది బిగిస్తారు. చివరిసారి ఈ పని జరిగింది 2018లో. అప్పుడు 1954–65 పట్టీ దిగిపోయింది, దాంతో పాటు ఆ కాలపు మేటి ఆటగాళ్లు మోరిస్ రిచర్డ్, గోర్డీ హోవ్ పేర్లు కూడా కప్పు దిగిపోయాయి. ఆ పట్టీలోనే 1963 వరసలో సొంతూరి జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ పేరులో ‘లీఫ్స్’కి F బదులు E చెక్కి ఉంటుంది. కప్పు మీద ఇప్పటికీ ఉన్న తప్పులు చూడాలంటే 1972 బోస్టన్ పేరులో O బదులు పడిన Qలు, 1981 ఐలాండర్స్ పేరులో మాయమైన S వెతకండి. 1919 దగ్గర మాత్రం ఆగాలి. స్పానిష్ ఫ్లూ వల్ల మాంట్రియల్, సియాటిల్ సిరీస్ మధ్యలో ఆగిపోయింది, మాంట్రియల్ ఆటగాడు జో హాల్ చనిపోయాడు. రెండు జట్ల పేర్లూ రాసి ‘సిరీస్ పూర్తి కాలేదు’ అని చెక్కారు. 2005కి ‘సీజన్ ఆడలేదు’ అని ఉంటుంది, ఆ ఏడాది యాజమాన్యాలకీ ఆటగాళ్లకీ జీతాల దగ్గర పేచీ వచ్చి సీజన్ మొత్తం పోయింది.

ఈ మ్యూజియంతో చిక్కల్లా వచ్చినవాళ్లకి ఆట తెలుసనుకుని మాట్లాడటమే. కెనడాలో అది సహజమే, కానీ కొత్తవాళ్లు సగం గదులు బుర్ర ఊపుతూ దాటేస్తారు. కాబట్టి వెళ్లే ముందు ప్లేఆఫ్స్ సంగతి కొంత తెలుసుకుని వెళ్లాలి.

ప్లేఆఫ్స్ అనగానే మనకి ఐపీఎల్‌లో మిగిలిన నాలుగు జట్లూ వారం పది రోజుల్లో తేల్చేసుకోవడం గుర్తొస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అది ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ దాకా సాగే రెండో సీజన్. 32 జట్లలో 16 వస్తాయి. లీగ్‌లో రెండు కాన్ఫరెన్సులు, ఒక్కో కాన్ఫరెన్స్‌లో రెండు డివిజన్లు ఉంటాయి. ప్రతి డివిజన్ నుంచి మొదటి మూడు, ఇవి కాక ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి పాయింట్లలో ముందున్న మరో రెండు, వీటినే వైల్డ్ కార్డులంటారు. నాలుగు రౌండ్లు, ప్రతి రౌండూ ఏడింటిలో నాలుగు గెలవాల్సిన సిరీస్. అంటే కప్పుకి పదహారు విజయాలు. మంచి రికార్డున్న జట్టుకి 1, 2, 5, 7 మ్యాచ్‌లు సొంత రింక్‌లో పడతాయి.

2014 నుంచి నడుస్తున్న ఈ డివిజన్ల పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒకే డివిజన్‌లో రెండు, మూడు స్థానాల్లో ఉన్న బలమైన జట్లు మొదటి రౌండ్‌లోనే ఢీకొంటాయి, వాటికంటే పాయింట్లు తక్కువున్న జట్లకు వేరేచోట సులువైన దారి దొరుకుతుంది. టొరంటోకి ఇది బాగా తెలుసు: 2018, 2019, 2024ల్లో మొదటి రౌండ్‌లోనే బోస్టన్ ఎదురైంది, మూడుసార్లూ ఏడో మ్యాచ్‌లో ఓడింది. 1967 తర్వాత ఈ ఊరికి కప్పు రాలేదు, గుమ్మంలోనే మ్యూజియం ఉన్నా.

ఓవర్‌టైమ్ తెలియకపోతే ప్లేఆఫ్స్ తెలియనట్టే. మామూలు సీజన్‌లో స్కోరు సమమైతే గోల్‌కీపర్ కాక ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాలు, ఆపైన షూటౌట్, అంటే ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపర్ మీదకి వెళ్లి గోల్‌కి ప్రయత్నించడం. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు. ఐదుగురేసి ఆటగాళ్లతో, ఇరవై నిమిషాల చొప్పున, గోల్ పడేదాకా. 1936 మార్చిలో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ మధ్య మ్యాచ్ ఆరో ఓవర్‌టైమ్‌లో 16:30 దగ్గర డెట్రాయిట్ ఆటగాడు మడ్ బ్రూన్టో గోల్ కొట్టేదాకా తేలలేదు. మామూలు మ్యాచ్ మూడు పీరియడ్లయ్యాక ఇంకో 116 నిమిషాల 30 సెకన్లు ఆడారన్నమాట.

మొదటి ఓవర్‌టైమ్‌లో జట్లు వైపులు మారతాయి కాబట్టి సొంత గోల్ నుంచి, మారాల్సిన ఆటగాళ్లు కూర్చునే బెంచీ దూరమవుతుంది. డిఫెండర్లు తమ జోన్‌లో ఇరుక్కుపోయారంటే ఆటగాళ్లని మార్చే వీలుండదు, కాళ్లు బరువెక్కి ఒక్క అడుగు ఆలస్యమవుతుంది. దానికితోడు పీరియడ్ సాగేకొద్దీ మంచు గీరుకుపోయి పొడి పేరుకుంటుంది, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తిన్నగా జారదు, ఎగురుతుంది. అందుకే అలాంటప్పుడు అందమైన పాసుల కన్నా గోల్ ముందు గుంపులోకి తోసిన షాట్లే ఎక్కువ ఫలిస్తాయి.

ఆచారాల విషయంలో ఎవరి నమ్మకాలు వాళ్లవి. ప్లేఆఫ్స్ అయ్యేదాకా గడ్డం గీయకపోవడం 1980ల ఐలాండర్స్‌తో పాతుకుపోయింది, వాళ్లు 1980 నుంచి 83 దాకా వరసగా నాలుగు గెలిచారు మరి. డెట్రాయిట్‌లో మంచు మీదకి ఆక్టోపస్ విసరడం 1952 ఏప్రిల్ 15న చేపల వ్యాపారం చేసే కుజిమానో సోదరులు మొదలుపెట్టారు. అప్పట్లో కప్పుకి ఎనిమిది విజయాలే కావాలి, దానికి ఎనిమిది కాళ్లు. ఆ ఏడు డెట్రాయిట్ ఒక్కటీ ఓడకుండా ఎనిమిదీ గెలిచింది. కాన్ఫరెన్స్ ట్రోఫీ గెలిచినా ముట్టుకోని జట్లు చాలానే ఉన్నాయి, ముట్టుకుంటే కప్పు రాదని. 2009లో పిట్స్‌బర్గ్ కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ ముట్టుకున్నాడు, కప్పూ వచ్చింది, అయినా భయం పోలేదు. కప్పు విషయంలోనూ అంతే, గెలవని ఆటగాడు దాని మీద చెయ్యి వెయ్యడు. సందర్శకులకి ఆ పట్టింపు లేదు. చెయ్యి వేయొచ్చు, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

కాన్ స్మైత్ ట్రోఫీని కూడా చూసి రండి. ప్లేఆఫ్స్‌లో అందరికంటే బాగా ఆడినవాడికి 1965 నుంచి ఇస్తున్నారు, ఓడిన జట్టు ఆటగాడికీ ఇవ్వొచ్చు. 2024లో ఎడ్మంటన్ ఏడో మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో ఓడినా అది కానర్ మెక్‌డేవిడ్‌కే వచ్చింది. ట్రోఫీ ఆకారం టొరంటో పాత స్టేడియం మేపుల్ లీఫ్ గార్డెన్స్‌ది.

మిగతావి పిల్లల కోసం: తెర మీది గోల్‌కీపర్‌పై షాట్ కొట్టడం, తామే గోల్‌కీపర్ అవడం. సెలవుల్లో అక్కడ వరస పెద్దది, పొద్దున్నే ముందు అవి కానిచ్చి తర్వాత పైకి వెళ్లండి. మాంట్రియల్ కెనేడియన్స్ డ్రెస్సింగ్ రూమ్ నమూనా బాగుంది. మొత్తానికి రెండు గంటలు సరిపోతాయి, పేర్లు చదివే అలవాటుంటే మూడు.

క్రిస్మస్ రోజు, జనవరి 1న, నవంబరులో కొత్త సభ్యులను చేర్చుకునే రోజున మూసి ఉంటుంది. బ్రాంప్టన్, మిసిసాగా లాంటి శివార్ల నుంచి వచ్చేవాళ్లు కారు ఇంటి దగ్గరే వదిలి ‘గో’ లోకల్ రైలెక్కడం నయం. సాయంత్రం లీఫ్స్ మ్యాచ్ ఉంటే యూనియన్ స్టేషన్ పక్కనే స్కోషియాబ్యాంక్ అరీనా కాబట్టి, ఐదు దాటాక నీలం జెర్సీల జనానికి ఎదురీదుతూ ప్లాట్‌ఫారం చేరాల్సి వస్తుంది. అంతకుముందే బయటపడండి.